సగం మీసం

వంశీధర్ ఎడమవైపు మీసం పోయింది. కుడివైపుది తీయబోతూ సెలూన్ మొగిలయ్య ఠక్కున ఆగి, కత్తి పక్కన పెట్టి, స్టూలు మీద కూర్చుండిపోయాడు. అతని చొక్కా చేతిలోంచి బుర్రుమని చప్పుడు.

"ఏమైంది?"

మొగిలయ్య పలకలేదు. చప్పుడు ఆగాక లేచి, పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు.

"బీపీ మిషన్ సార్. నిన్నటి సంది కట్టుకున్న. అర్ధగంటకొకపారి ఉబ్బుతది. అప్పుడు చెయ్యి కదలొద్దు, మాట్లాడొద్దని చెప్పిండ్రు. పగలెంతుందో, పండుకున్నంక ఎంతుందో చూస్తే, గోళీ పొద్దున ఎయ్యాల్నో రాత్రి ఎయ్యాల్నో తెలుస్తదన్నరు."

"అదంతా నాకు తెలుసులే. తొందరగా కానివ్వు. పదకొండుకి బంజారా హిల్స్‌లో నాకు సన్మానం."

ఫొటోల్లో తెల్లవెంట్రుకలు కనబడతాయని మీసమే తీసేయమన్నాడు పాపం. ఆ బుద్ధి మొన్న పుట్టినా బాగుండేది.

మొగిలయ్య కత్తి ఎత్తాడు. బుర్రు! మళ్లీ స్టూలు.

"ఇంకా అర్ధగంట కాలేదుగా!" వంశీధర్ అరిచాడు. మొగిలయ్య ఉలిక్కిపడ్డాడు. చెయ్యి కదిలింది. రెండు నిమిషాలకు మళ్లీ బుర్రు!

బెంచీ మీద పేపరు చదువుతున్న హనుమాండ్లు కల్పించుకున్నాడు. "మీరు అరిస్తే ఆయన కదులుతడు, ఆయన కదిలితే అది మళ్ల మొదటికొస్తది. జర ఊకోండ్రి సార్."

వంశీధర్ పళ్లు బిగించి ఊరుకున్నాడు. చప్పుడు ఆగగానే అందుకున్నాడు.

"ఒక్క రీడింగ్ పోతే కొంపలేం మునగవయ్యా! ముందు మీసం తీయి."

"ఒక్కటి గూడ పోనియ్య సార్. మా నాయిన గీ బీపీతోనే నలభై ఏండ్లకు పోయిండు. నాకిప్పుడు ముప్పైతొమ్మిది."

వంశీధర్‌కి జాలేసింది. అద్దంలో సగం మీసం చూసుకుంటే, ఆ జాలి కాస్తా కోపమై ఇంకొకరి మీదికి మళ్లింది.

"తప్పు నీది కాదు. నువ్వు చేత్తో బతికేవాడివి. పనిచేసే రోజు చెయ్యి కదపొద్దంటే ఎలా? నీ పనేంటో ఆ డాక్టరు అడగలేదా?"

"తల ఎత్తలే సార్. నేను చెప్పబోతుంటే తర్వాతోళ్లను పిలిచిండ్రు."

"సిగ్గుండాలి! పేరు చెప్పు, ఇవాళ స్టేజి మీదే కడిగేస్తా. ఎవరా డాక్టరు?"

మొగిలయ్య బెదురుగా హనుమాండ్ల వైపు చూశాడు, తర్వాత అద్దంలోకి చూశాడు.

"మీరే కద సార్."