చలపతిరావు సార్ పెట్టిన లోపం

"తాళం తిప్పు."

మంజుశ్రీ తిప్పింది. డాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగింది. బానెట్ కింద టక్‌మని ఒక్క చప్పుడు వచ్చింది. అంతే. ముసలి పికప్ బండి ఉలకలేదు, పలకలేదు.

"లోపం ఈ పొద్దున్నే నా చేత్తో పెట్టాను," అన్నాడు చలపతిరావు సార్, నోట్‌బుక్ తెరిచి పెన్ను మూత తీస్తూ. "పదకొండుకి పెద్దాఫీసు వాళ్లొస్తారు. సర్టిఫికెట్ల మీద సంతకాలు వాళ్లవే. ఈలోగా బండి స్టార్ట్ చేస్తే పాసు. లేదంటే లేదు."

గోడ గడియారంలో పదీ ఇరవై అయింది.

అమీర్‌పేటలో కోచింగ్ లేని విద్య లేదు. ఆ బిల్డింగులో పై మూడంతస్తుల్లో కంప్యూటర్లు నేర్పుతారు. కింద సెల్లారులో చలపతిరావు సార్ బండ్ల రిపేరు నేర్పుతాడు. పద్దెనిమిదేళ్లుగా బోర్డు మీద ఆయన గీసిన ఇంజన్లకు లెక్కలేదు. అవన్నీ భేషుగ్గా నడిచేవే! ఆ బొమ్మల దగ్గరే మంజుశ్రీ రెండుసార్లు పరీక్ష తప్పింది. చేతికి స్పానర్ ఇస్తే చాలు గానీ, పెన్సిల్ ఇస్తే ఆమెకు వణుకే.

ఇది మూడోసారి. ఇదే ఆఖరు. ఎర్రగడ్డలో ఒక సర్వీసు సెంటర్ వాళ్లు ఈ సాయంత్రంలోగా సర్టిఫికెట్ తెమ్మన్నారు. తేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి. "ఈసారి సుత పోతే ఇగ నా పక్కన కూసొని కాజాలు కుట్టు బిడ్డా," అన్నాడు టైలరు పని చేసే నాన్న రాజమల్లు. వచ్చే వారం ఉందనుకున్న పరీక్షకి సార్ ఇవాళ పొద్దున్నే ఫోన్ చేసి పిలిస్తే, ముఖమైనా సరిగ్గా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చింది.

బానెట్ ఎత్తి చూసి బిత్తరపోయింది. బ్యాటరీ కొత్తది. స్టార్టర్ మోటారు కొత్తది. ఆఖరికి తాళం పెట్టే స్విచ్ కూడా తళతళలాడుతోంది. తనను తప్పుదోవ పట్టించడానికి ఇన్ని మార్చాడా! ఈయనకి తన మీద ఇంత కక్ష ఏమిటో ఆమెకు అర్థం కాలేదు.

మీటరు తీసి బ్యాటరీకి పెట్టింది. "బ్యాటరీ మంచిగనే ఉన్నది సార్. పన్నెండున్నర వోల్టులు చూపిస్తున్నది."

"అది నాకూ తెలుసు. తర్వాత?"

"హెడ్‌లైట్ ఏసి తాళం తిప్పి చూసిన. లైటు మసకబారుతలేదు."

"మసకబారకపోతే ఏంటి?"

"స్టార్టర్‌కు కరెంటు పూరా అందుతలేదన్నట్టు."

సార్ గబగబా రాసుకున్నాడు. ఆమె నోరు తెరిస్తే చాలు, ఆయన పెన్ను కదులుతోంది. ఎన్ని తప్పులు పట్టాడో!

"ఇగ్నిషన్ స్విచ్ అనుకోవచ్చుగా?" అన్నాడు.

"స్విచ్ ఖరాబైతే గా టక్కుమనే చప్పుడు సుత రాదు కద సార్."

సార్ తలెత్తి ఆమె కేసి అదోలా చూశాడు. ఎదురు చెప్పానేమోనని మంజుశ్రీ నాలుక కరుచుకుంది. ఇంతలో ఆయన ఫోన్ మోగింది.

"ఆఁ, చెప్పండి... ఎర్రమంజిల్ నుంచి బయల్దేరారా? పంజాగుట్ట కూడా దాటేశారా?" ఫోన్ పెట్టేసి గట్టిగా అరిచాడు. "తొందరగా కానీయమ్మా! ఐదు నిమిషాల్లో ఇక్కడుంటారు!"

ఆ అరుపుకి మంజుశ్రీ చేతిలో స్పానర్ జారి కింద పడింది. నేర్చుకున్నదంతా ఒక్కసారిగా బుర్రలోంచి ఎగిరిపోయి, కాజాలు కుడుతున్న తన వేళ్లే కళ్ల ముందు కనిపించాయి. ఏడుపొచ్చింది. బానెట్ అంచు గట్టిగా పట్టుకుని మూడుసార్లు ఊపిరి పీల్చుకుంది.

కరెంటు పోతోంది సరే. తిరిగి రావాలి కదా?

మీటరు వైరు ఒకటి బ్యాటరీ మైనస్‌కి, రెండోది ఇంజను ఒంటికి ఆనించింది. "సార్, జర మీరు తాళం తిప్పుండ్రి."

సార్ ఒక్క అంగలో వెళ్లి తాళం తిప్పాడు. మీటరు సున్నా దగ్గర ఉండాల్సింది తొమ్మిదిన్నరకు ఎగబాకింది.

"దొరికింది సార్! ఇంజనుకు ఎర్తు అందుతలేదు. కరెంటు పోనీకి తొవ్వ ఉన్నది గని తిరిగొచ్చేటందుకు లేదు."

"ఎక్కడ? చూపించు!" సార్ చొక్కా నలిగిపోతుందన్న ధ్యాస కూడా లేకుండా బండి కిందికి వంగాడు.

ఇంజను నుంచి బండి చట్రానికి పోయే ఎర్తు వైరు పైకి బాగానే ఉంది. బోల్టు విప్పితే లోపలంతా తుప్పు. ఎంత లోపల దాచిండో మహానుభావుడు అనుకుంటూ మంజుశ్రీ గరుకు కాగితంతో గీకింది. బోల్టు బిగిస్తుండగానే ర్యాంపు మీద కారు ఆగిన చప్పుడైంది. ఇద్దరు ఆఫీసర్లు దిగి సెల్లారులోకి వచ్చారు.

"ఏమండీ, ఈ బండి నడుస్తుందా, లేక ఊరికే చూపించడానికి పెట్టారా?" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

సార్ వెళ్లి సీట్లో కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని తాళం తిప్పాడు.

బండి భుర్రుమంది. సెల్లారంతా డీజిల్ పొగ కమ్ముకుంది. ఆఫీసర్లు దగ్గుతూ తలలూపి సంతకాలు పెట్టారు. సార్ కళ్లు తుడుచుకుంటూ వచ్చి మంజుశ్రీ చేతిలో సర్టిఫికెట్ పెట్టాడు. "పాసయ్యావమ్మా," అన్నాడు. ఆయన అంత మెత్తగా మాట్లాడటం ఆమె ఎన్నడూ వినలేదు.

ఆయన ఆఫీసర్లను టీకి తీసుకెళ్లాడు. హడావుడిలో నోట్‌బుక్ సీటు మీదే వదిలేశాడు. తనకి ఎన్ని మార్కులేశాడో చూద్దామని మంజుశ్రీ భయపడుతూనే తెరిచింది.

మార్కులు ఎక్కడా లేవు. ఆమె చెప్పిన ప్రతి మాటా వరస నంబర్లతో గుండ్రటి అక్షరాల్లో ఉంది. పేజీ అడుగున, కింద రెండు గీతలు కొట్టి, ఇంకొక్క వాక్యం ఉంది.

'నాలుగు రోజులకు లోపం దొరికింది.'