చెవిలో పురుగు

“నా చెవుల పెట్టిన పురుగును తీస్తవా, సస్తవా?” కుర్మయ్య గొడ్డలితో పొరుగింటి బుచ్చమ్మ మీదికి వచ్చాడు. వాకిలి బయట జనం గుమిగూడారు.

లింగాల ఊరి దగ్గర బావి తవ్వుతుంటే అతని పక్కనే బండలు పగలగొట్టే తూటా పేలింది. ఆనాటి నుంచి చెవుల్లో కీచుమనే మోత ఆగలేదు. దవాఖానలో ఏ రోగమూ లేదన్నారు. బుచ్చమ్మ బాణామతి, చేతబడి చేసిందని ఊరంతా అన్నది.

బుచ్చమ్మ కదల్లేదు. “పండుకుంటే ఇంకా గట్టిగ మోగుతది గదా? ఎవరన్న నవ్వితే కొట్టబుద్ధయితది. బాయిల దుంకి సద్దామనిపిస్తది.”

“సూసిండ్రా! చేసింది గాబట్టే గింత ఎరుక!”

“చలిజరానికి కొయినైను గోలీలు మింగిన కాడికెల్లి నాకూ మోగుతనే ఉన్నది. మరి నాకెవరు చేసిండ్రురా?”

గొడ్డలి పట్టిన చెయ్యి దిగింది. తన బాధ ఎట్లాంటిదో తెలిసిన మనిషి ఇన్నాళ్లకు ఈమె ఒక్కతే దొరికింది.

“అది తగ్గదా?”

“నాకైతే తగ్గలే.”

“మరి ఎట్ల బతుకుతున్నవ్, అత్తా?”

“ఇప్పుడు అత్తనైతినా?” బుచ్చమ్మ ఉమ్మేసింది. “నేనేం చెయ్యలేదని ముందు ఆ జనానికి చెప్పు. అటెన్క చెప్త.”

కుర్మయ్య జనం వైపు తిరిగాడు. వాళ్ల చేతుల్లోనూ కర్రలున్నాయి. అతను ఆమె ముందుకు వచ్చి అడ్డంగా నిలబడ్డాడు.