గాలికా, కొండకా?

“చక్రాలే బిగించమని చెప్పేశాను,” అన్నాడు అతను, ఫోను మంచం మీద పడేస్తూ.

కిటికీ ఊచకి అతని జెర్సీ ఆరేస్తున్న ఆమె చేతులు అక్కడే ఆగిపోయాయి. పెళ్ళయి నలభై రెండు రోజులు. ఇన్నాళ్ళలో అతను అన్నదాన్ని ఆమె కాదన్నది లేదు. ఈ లాడ్జి గదిలో ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు తలలు ఆనించుకుని నిలబడటం చూసినా ఆమెకి పొద్దున్నుంచీ నవ్వొస్తూనే ఉంది. ఇప్పుడు మాత్రం రాలేదు.

రేపటి సైకిలు పందెంలో మొదటి వంద కిలోమీటర్లూ చదునైన దారి, ఎదురుగాలి. చివర పన్నెండు కిలోమీటర్లు కొండ. జట్టు మెకానిక్‌ని అందరూ డాక్టరంటారు. ఆయన దగ్గర అతని కొలతకి సరిపడేవి రెండున్నాయి: ఒంటి వేలితో ఎత్తగలిగేంత తేలిక ఫ్రేము, లేదంటే గాలిని కత్తిలా కోసుకుపోయే వెడల్పు అంచు చక్రాలు. ఆ ఫ్రేముకి ఈ చక్రాలు పట్టవు. ఏదో ఒకటే తేల్చుకోవాలి.

పైకి చూస్తే సామాన్ల గొడవే. అసలు సంగతి వేరు. జట్టు నాయకుడు ఆమె సొంత అన్నయ్య. ఆమె భర్త ఉద్యోగమల్లా ఆ బావకి ముందు తొక్కుతూ గాలిని తన ఛాతీ మీద కాచుకోవడం. వెనకున్నవాడికి మూడో వంతు శ్రమ తగ్గుతుంది. చక్రాలయితే బావని కొండ మొదటి దాకా క్షేమంగా చేర్చి, అక్కడ తను చతికిలబడొచ్చు. ఫ్రేమయితే, కొండ మీద అతన్ని అందుకునే మొనగాడు రేపటి పందెంలో లేడు.

బావ ఈ ఏడాదితో మానేస్తున్నాడనీ, ఇదే ఆఖరి పందెమనీ అతను నచ్చజెప్పబోయాడు. పిల్లనిచ్చినవాడి కడుపు కొట్టమంటావా అని నవ్వించబోయాడు కూడా.

ఆమె నవ్వలేదు. “నిన్న ప్రాక్టీసులో కొండ మీద గొలుసు జారిందని ఆగారు కదా. జారలేదు. వ్యాన్లోంచి నేను చూశాను. అన్నయ్య మిమ్మల్ని దాటేదాకా దాన్ని ఊరికే తడుముతూ కూర్చున్నారు.”

అతను తల దించుకున్నాడు.

“రేపు కూడా తడుముతావా?”

నోరు జారి ‘నువ్వు’ వచ్చేసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతనికి ముందు ఆశ్చర్యం, ఆ తరవాత పట్టరాని సంతోషం. “కోపమొస్తేగానీ దగ్గరకి రావన్నమాట,” అని ఆమె జడ ఒకసారి లాగి, కాళ్ళు పట్టించుకోవడానికి కింద గదికి వెళ్ళిపోయాడు.

ఆమె మంచం అంచున కూర్చుంది. జడ ఇంకా చురుక్కుమంటూనే ఉంది, హాయిగా. కానీ అన్నయ్య ఒక కన్ను, ఇతనొక కన్ను. ఏ కంట్లో నలక పడినా నీళ్ళు కారేది తనకే. రేపు అన్నయ్య ఓడితే అమ్మకి మొహం ఎలా చూపించాలి? ఇతను ఓడితే ఎవరూ ఏమీ అనరు. ఓడాడని కూడా ఎవరికీ తెలియదు. అదే ఆమెని కుదురుగా కూర్చోనివ్వలేదు. ఒకసారి ఆగిన మనిషికి ఆగడం అలవాటైపోతుంది. ఉద్యోగంలోనూ ఆగుతాడు, ఇంట్లోనూ ఆగుతాడు, నవ్వుతూనే ఆగుతాడు. ముప్ఫై ఏళ్ళ తరవాత ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నప్పుడు కూడా ఎన్నిసార్లు ఆగాడో చెప్పడు. ఆమె అడగకుండా ఊరుకోనూ లేదు.

సామాన్లు ఖాయం చేసే గడువు అయిదింటికి. నాలుగూ ముప్పావుకి చెప్పులేసుకుని మెట్లు దిగింది.

లాడ్జి వెనక షెడ్డంతా నూనె వాసన. డాక్టరు సైకిలుని స్టాండుకి బిగించి, చక్రం తిప్పి, దాని మీదకి చెవి వంచి వింటున్నాడు. ఆమెని చూసి, ఏమ్మా, పెళ్ళికూతురు ఇటొచ్చిందేమని పలకరించాడు.

దారంతా మనసులో కూర్చుకున్న మాటలు ఎలాగో కూడదీసుకుని, తన భర్తకి తేలిక ఫ్రేమే బిగించమని అడిగింది. తను వచ్చినట్టు అతనికి తెలియకూడదనీ, తెలిస్తే ససేమిరా ఒప్పుకోడనీ చెప్పింది.

“చక్రాలేవని అడుగుతాడుగా. ఏం చెప్పను?”

“పగులు కనిపించిందని చెప్పండి. పగిలిన చక్రం మీద మీరు ఎవర్నీ ఎక్కనివ్వరు కదా. అది ఆయనకీ తెలుసు.”

ఇన్నేళ్ళలో ఒక్క అబద్ధం చెప్పి ఎరగనన్నాడు డాక్టరు. ఈ ఒక్కటీ చెప్పమని ఆమె చేతులు జోడించింది. కళ్ళు నిండాయి. “అన్నయ్యకి మాత్రం తెలియనివ్వకండి. వాడి ఆఖరి పందెం. చెల్లెలే గొయ్యి తవ్విందని తెలిస్తే వాడి ఎదుట నిలబడలేను.”

డాక్టరు తిరుగుతున్న చక్రాన్ని అరచేత్తో ఆపాడు. గుడ్డ తీసుకుని ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. ఆమె వైపు చూడకుండానే చక్రం అంచు మీద ఒకచోట వేలుపెట్టి చూపించాడు.

“ఇదిగో, ఇక్కడ. పగులు ఎక్కడ వచ్చిందని చెప్పాలో కూడా మీ అన్నయ్య గంట క్రితమే వచ్చి చూపించి వెళ్ళాడమ్మా.”