చిన్న బిడ్డ

“ఆ చున్నీలో ఏం దాచావు? చూపించు.”

రాజరాజేశ్వరి వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పనిమనిషి నూర్ బహార్ చున్నీ ముడి విప్పింది. పొద్దున తినమని పెట్టిన ఉడకబెట్టిన గుడ్డు, పెంకు కూడా తీయకుండా అలాగే ఉంది.

“బర్మా నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చారని, ఈ పుప్పాలగూడలో ఎవరూ గుమ్మం ఎక్కనివ్వకపోయినా నేను పనిలో పెట్టుకున్నాను. కడుపుతో ఉన్నావని గుడ్డు పెడితే మొగుడికి మోసుకుపోతావా? నెలలు నిండుతున్నా కడుపే కనబడదు. నా కళ్ళముందు తిను.”

“తినను మేడం.”

“ఎంత పొగరే నీకు?”

“తింటే బిడ్డ పెద్దగయితది.” నూర్ బహార్ గొంతులోనూ కోపమే. “పెద్దగయితే గుడిసెల కాన్పు కాదు, దవాఖానకు పోవాలె. చిన్నగుంటే ఇంట్లనే అయిపోతది. మా దిక్కు పెద్దోళ్లు గిట్లనే చెప్తరు, కడుపు మాడ్చుకొమ్మని.”

“పిచ్చిదానా, అలా మాడ్చుకుంటే ఇద్దరూ పోతారు. ఆసుపత్రికి వెళితే నిన్నేమన్నా కొరుక్కు తింటారా?”

“ఆధార్ అడుగుతరు.”

“అడిగితే చూపించు.”

నూర్ బహార్ తలెత్తి సూటిగా చూసింది.

“పొద్దున మీరు గూడ అడిగిండ్రు గద మేడం. రేపటికల్లా తేకపోతే పనికి రావద్దన్నరు. నేనేం చూపించిన?”

రాజరాజేశ్వరి గుమ్మం నుంచి పక్కకు జరిగింది. గుడ్డు ఇంకా నూర్ బహార్ చేతిలోనే ఉంది.