పులుసు గిన్నె

మేకలను పక్కింట్లో అప్పజెప్పాలి. పొయ్యి ఆర్పాలి. పెనిమిటిని బండిలో పండబెట్టాలి. రోజూ పులుసు కాచే ఇత్తడి గిన్నెను కడగకుండా మూటగట్టాలి. ఆ మూట ముడిని జంగమ్మ రెండుసార్లు విప్పి మళ్లీ కట్టింది. గిన్నెతో సహా వనపర్తి దవాఖానకు రమ్మని ఠాణా అమీన్ సాబ్ కబురు పెట్టాడు.

పెనిమిటి కొన్నాళ్లుగా కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నాడు. ఊళ్లు తిరిగి పనిచేసుకొచ్చే మనిషి, ఇప్పుడు మణికట్లు వాలిపోయి ముద్ద కూడా ఎత్తలేడు. మొగణ్ణి కొంగున కట్టేసుకోవాలని కోడలే మందు పెట్టిందని అత్త పెంటమ్మ గోపాల్‌పేటంతా చాటింది, ఠాణాలో కూడా చెప్పింది. బావి దగ్గర ఆడవాళ్లు జంగమ్మను చూసి కుండలు పక్కకు జరుపుకుంటున్నారు.

దారి పొడుగునా అత్త నోరు మూయలేదు. ‘‘నా కొడుక్కు ఏమన్న అయితే, నిన్ను జేల్ల ఏయించినంకనే గంజి తాగుత’’ అన్నది. తానూ ఆ పులుసే తిన్నానని, తనకూ కడుపు పట్టేస్తున్నదని జంగమ్మ చెప్పుకుంది. వినేవాళ్లెవరు?

దవాఖానలో డాక్టరు రోగి పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్ల అంచున నల్లటి గీత. జంగమ్మనూ నోరు తెరవమన్నాడు, తర్వాత పెంటమ్మను. ఇద్దరికీ అదే గీత, కాస్త సన్నగా.

‘‘ఏందమ్మా, నీ కోడలు నీక్కూడ మందు పెట్టిందా?’’ అన్నాడు అమీన్.

డాక్టరు తెల్ల కాయితంతో గిన్నె లోపల గట్టిగా రుద్దాడు. కాయితం నల్లబడింది. ఎవరూ ఏ మందూ పెట్టలేదని, గిన్నె లోపల తగరంతో పూసే కలాయిలో సీసం ఉందని, చింతపులుపుకు అది కరిగి ముగ్గురి కడుపుల్లోకీ పోయిందని చెప్పాడు.

జంగమ్మకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అంతలోనే అమీన్ ఎదుటికొచ్చి నిలబడ్డాడు. యుద్ధం వచ్చినంక తగరం దొరక్క కలాయిలో సీసం కలుపుతున్నారట. అట్లాంటివాళ్లను జేల్లో వెయ్యమని సంస్థానం హుకుం. ఈ గిన్నెకు కలాయి పూసినోని పేరు చెబితే ఇంటికి పోవచ్చు, దాస్తే ఆమెనే లోపల వేస్తాడట.

పెంటమ్మ గబుక్కున కోడలి చెయ్యి పట్టుకుంది.

‘‘పేరు తెల్వదా?’’ అన్నాడు అమీన్.

‘‘తెల్సు సాబ్.’’

‘‘మరి చెప్పనీకి ఏంది? వానికి భయపడ్తున్నవా?’’

జంగమ్మ తల అడ్డంగా ఊపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

‘‘కట్టుకున్నోని పేరు నోటితోని చెప్పరాదు, సాబ్.’’