మంచు కరగకముందే

"ఇయ్యాల ఒక్క ఆర్డరన్న పడాలె రజితా. పడలేదనుకో, రేపటి సంది నీ కుర్చీల ఇంకొకలు కూసుంటరు. సమజయిందా?"

హరిప్రసాద్ గొంతు తగ్గించలేదు. మిగతా నలుగురు అమ్మాయిలూ తలలు కంప్యూటర్లలోకి దించేసుకున్నారు.

"మొన్న రెండు తెచ్చిన కద సార్," అంది రజిత.

"ఏ రెండు? ఆఖరుకు మాట్లాడి ఒప్పిచ్చింది ఎవరు? నేను. అవి నా పేరు మీద పడ్డయి. జగిత్యాల ఆఫీసుకు లిస్టు పంపిన, నీ పేరు ముందట గుండు సున్న."

అదే జరుగుతోంది మూడు నెలలుగా. కస్టమర్ మెత్తబడే దాకా రజిత మాట్లాడాలి. మెత్తబడగానే హెడ్‌సెట్ లాక్కుని మేనేజర్ హరిప్రసాద్ ఆర్డరు తన పేరున రాసుకుంటాడు.

చేసే పని గురించి ఎవరికైనా చెబితే నవ్వుతారు. కెనడాలో ఒక ఊరు. ఏడాదిలో ఐదు నెలలు మంచే. అక్కడి ఇళ్ల చుట్టూ గడ్డి పరిచి, మొక్కలు నాటి, తోటలు వేసి పెట్టే కంపెనీ ఒకటుంది. మంచు కరిగాక జనం ఒక్కసారే ఎగబడతారు కాబట్టి, మంచుండగానే ఫోన్లు చేసి ఆర్డర్లు పట్టాలి. ఆ ఫోన్లు చేసేది కోరుట్ల బస్టాండు పక్క సందులో, రెండో అంతస్తులో, చున్నీలతో చెమట తుడుచుకుంటూ ఈ ఐదుగురు.

"ఎన్నిసార్లు చెప్పాలె నీకు? ఇండియా అన్న వాసనే రావద్దు. 'పొద్దున మీ ఇంటికాడికి వచ్చినం, మీ తోట చూసినం' అను. గట్లంటెనే నమ్ముతరు. మ్యాపుల ఇల్లు కనవడుతనే ఉన్నది, చూసి చెప్పనీకి ఏం రోగం?"

"నాకు గట్ల అబద్ధాలాడుడు రాదు సార్."

"రాకుంటె ఇంటికి వోయి బీడీలు చుట్టుకో."

రజిత తల్లి చేసేది ఆ పనే. మాట సూదిలా దిగింది. రజిత లిస్టులో తర్వాతి నంబరు నొక్కింది.

ఇక్కడ రాత్రి ఎనిమిది. అక్కడ పొద్దున తొమ్మిదిన్నర. పేరు వాల్టర్. మ్యాపులో ఎర్ర ఇటుకల ఇల్లు, పక్కన చిన్న గేటు, వెనక చెక్క షెడ్డు. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు.

"హలో, వాల్టర్ గారేనా? నా పేరు రేచల్," అంది ఇంగ్లీషులో.

"ఆయనతో నీకేం పని?" మగ గొంతు, కటువుగా.

ఇదీ మామూలే. సగం మంది తాము కానట్టే మాట్లాడతారు. రజిత గుక్క తిప్పుకోకుండా అందుకుంది. "మంచు కరగకముందే బుక్ చేసుకుంటే సార్, మీ తోట పని మొదటి వారంలోనే..."

"ఇలాంటి ఫోన్లు చేయడానికి సిగ్గనిపించదూ? పెట్టెయ్."

వెనక నిలబడ్డ హరిప్రసాద్ రెండు చేతుల వేళ్లతో బీడీ చుట్టినట్టు చూపించి ఇకిలించాడు.

రజిత పళ్లు బిగించింది. "పొద్దున మీ ఇంటి దగ్గరికి వచ్చాం సార్. తోట చూశాం."

"వచ్చారా? ఎప్పుడు?" గొంతు మారింది.

"ఏడున్నరకు."

"ఎటు నుంచి?"

"పక్క గేటులోంచి సార్."

"వెనక్కి వెళ్లారా?"

"చెక్క షెడ్డు దాకా వెళ్లాం. దాని పక్కన గులాబీలు పెడితే..."

"మెల్లగా చెప్పండి. రాసుకుంటున్నాను."

రాసుకుంటున్నాడు! ఇన్నాళ్లలో ఒక్క కస్టమరూ రాసుకున్నది లేదు. రజిత కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మీతో ఇంకెవరైనా ఉన్నారా?"

జవాబు నోట్లో ఉండగానే చెవి భగ్గుమంది. హరిప్రసాద్ హెడ్‌సెట్ ఊడబీకిన విసురుకు కమ్మ దానికి చిక్కుకుని లాగింది.

"ఇయ్యుండ్రి సార్! ఒప్పుకుంటున్నడు. ఇది నాది!" గుసగుసగానే అరిచింది రజిత.

"నీ మొకానికి ఆర్డరొకటి. జరుగు." మోచేత్తో పక్కకు నెట్టి, హరిప్రసాద్ స్పీకరు పెట్టాడు. "జూడుండ్రి అందరు. ఆర్డరు ఎట్ల కొట్టాలెనో."

గొంతు సవరించుకుని ఇంగ్లీషులోకి మారాడు. "గుడ్ మార్నింగ్ సార్, నా పేరు హ్యారీ. మీ తోట చూసింది నేనే."

"మరి ఆ అమ్మాయి?"

"ఆమెకేం తెలుసు సార్! కారు దిగనే లేదు. మోకాళ్ల దాకా మంచులో దిగబడుతూ షెడ్డు దాకా నడిచింది నేను."

"ఒక్కరేనా? బాగా గుర్తు తెచ్చుకోండి."

"నేనొక్కణ్నే సార్. అంత చలిలో ఇంకెవరు దిగుతారు?"

"షెడ్డు తలుపు తీశారా?"

"తీశాను. లోపల మూలమూలా చూసి కొలతలు కూడా తీసుకున్నాను." హరిప్రసాద్ అమ్మాయిల వైపు కన్ను గీటి, ఆర్డరు ఫారం మీద రజిత పేరు అడ్డంగా కొట్టేసి తన పేరు రాసుకున్నాడు. రజిత కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇప్పుడెక్కడున్నారు?"

"మీకు పది నిమిషాల దూరంలోనే సార్. సంతకానికి నన్నే రమ్మంటారా?"

"ఉన్నచోటే ఉండండి మిస్టర్ హ్యారీ, మేమే వస్తున్నాం," అంది స్పీకరు. "నేను పోలీస్ డిటెక్టివ్‌ని. ఆ షెడ్డులో వాల్టర్ శవం దొరికి గంటయింది. మంచులో అక్కడి దాకా వాల్టర్‌వి కాక ఇంకొక్క మనిషి అడుగులే ఉన్నాయి."