పూటకో గోలీ

సారంగపాణి డాక్టరు గదిలోకి రాగానే చేసిన మొదటి పని తలుపు దగ్గరగా వేయడం.

"గాలి రాదయ్యా, తీసి ఉంచు," అన్నాడు డాక్టరు సాంబమూర్తి.

"జర ఉండనియ్యున్రి సారూ. నలుగుట్ల చెప్పుకునే ముచ్చట గాదు."

ఎనభై నాలుగు వానాకాలం అది. సుబేదారిలో సాంబమూర్తి ఆ చిన్న దవాఖాన పెట్టి ఆరేళ్లయింది. సిగ్గుపడే రోగులు ఆయనకు కొత్త కాదు. కలం మూత తీసి ఎదురుచూశాడు.

సారంగపాణి జేబులోంచి బీడీకట్ట కాగితం తీశాడు. దాని వెనక పెన్సిలుతో రాసుకున్నది పాఠం అప్పగించినట్టు చదివాడు. మూత్రానికి పగలు పన్నెండు సార్లు. రాత్రి నాలుగు సార్లు. వచ్చిందంటే ఆగదు, పెరట్లోకి పోయేలోపే బట్టలు తడుస్తాయి. మంట లేదు, జ్వరం లేదు. పెళ్లిళ్లకు పోవడం, బస్సెక్కడం మానేసి ఏడాది.

"ఏడాది నుంచి ఎందుకు ఊరుకున్నావు?"

"సిగ్గు సారూ. సచ్చినా దవాఖానకు పోనని..." అంటూ ఆగిపోయాడు. "ఇగ ఎట్లనో వచ్చిన."

డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. మగవాళ్లకు వచ్చే గ్రంథి వాపేమోనని బల్ల మీద పడుకోబెట్టి మరీ పరీక్షించాడు. సారంగపాణి కళ్లు గట్టిగా మూసుకొని అదీ ఓర్చుకున్నాడు. మర్నాడు ఇంటి నుంచి సీసాలో పట్టి తెచ్చిన మూత్రంలో చక్కెర లేదు, చీము లేదు. మూత్రసంచి నిండకముందే తొందరపడుతోందని చెప్పి డాక్టరు గోలీలు రాశాడు.

"పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. తగ్గలేదని ఒకేసారి రెండు మింగొద్దు. నోరు ఎండొచ్చు, మలబద్ధకం రావొచ్చు, చూపు మసకబారొచ్చు. ఏ కొత్త బాధ వచ్చినా నాకు చెప్పాలి. జలుబు గోలీ అయినా సరే, నన్నడక్కుండా వేసుకోకు. కంటి జబ్బులేమైనా ఉన్నాయా?"

"కండ్లా? లేవనుకుంట సారూ."

"సరే. ఇంకో మాట. నీకు రాసిన గోలీ ఎవరికీ ఇవ్వొద్దు. ఒకరికి పనికొచ్చింది ఇంకొకరికి ముప్పు తేవొచ్చు."

అన్నీ రాసుకుంటూ వచ్చిన సారంగపాణి పెన్సిలు ఆ ఒక్క మాట దగ్గర ఆగింది.

వారం తర్వాత వచ్చాడు.

"నోరు ఎండుతోందా?" అని అడిగాడు డాక్టరు.

సారంగపాణి కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. అందులో లేదు. "రేపచ్చి చెప్త సారూ."

డాక్టరుకు నవ్వాగలేదు. "నీ నోరు ఎండుతోందో లేదో చెప్పడానికి రేపటిదాకా ఎందుకయ్యా?"

"ఆగమాగం తప్పు చెప్పద్దని సారూ."

మర్నాడు నిజంగానే వచ్చాడు. నోరు ఎండుతోందట. సోంపు నమలమన్నాడు డాక్టరు. రాత్రి లేవడం మాత్రం నాలుగు నుంచి రెండుకు దిగిందట. ఆ మాట చెప్పేటప్పుడు సారంగపాణి మొహం వెలిగిపోయింది.

కొత్తవాడలో జంపఖానాలు నేసే షెడ్డు అతనిది. పక్క మగ్గం ఎల్లస్వామి పంటి నొప్పికి అదే దవాఖానకు పోయి, తలుపు అవతల కూర్చుని అంతా విన్నాడు. ఇక షెడ్డులో ఒకటే నవ్వులు.

"ఏందన్నా, పొద్దటిసంది మగ్గం దిగవైతివి? ఇంటికాడనే అస్తదా ఏంది నీకు?"

సారంగపాణి కోపం తెచ్చుకోలేదు. "గోలీలు మంచిగ పనిచేస్తానయ్," అని తన పనిలో పడ్డాడు.

సాయంత్రం ఎల్లస్వామి చాటుగా వచ్చాడు. "మా అయ్యకు గూడ గిదే తిప్పలన్నా. రెండు గోలీలియ్యరాదు?"

"ఒకలకు రాసింది ఇంకొకలు మింగద్దట. ముసలాయన్ను తోలుకపోయి చూపియ్యి."

అనేశాడు గానీ, ఇంటికి పోతూ దారి పొడుగునా సారంగపాణికి తన మాటే గుచ్చుకుంది.

మూడో వారం ఆదివారం పొద్దున్నే, దవాఖాన తెరవకముందే మెట్ల మీద నిలబడి ఉన్నాడు. చేతిలో కాగితం లేదు. డాక్టరు వెంటే లోపలికి నడిచాడు.

"సారూ, కరెంటు బుగ్గ చుట్టూ రంగులు, సింగిడి లెక్క కనబడుతానయ్. కన్ను గుంజుతాంది. తలకాయ పగులుతాంది."

డాక్టరు మొహంలో నవ్వు పోయింది. "ఎప్పటి నుంచి?"

"నిన్న పొద్దుగూకినసంది."

"గోలీ?"

"రాత్రిదే ఆపినం సారూ."

"మంచి పని చేశావు. ఈ గోలీ కొందరికి కంట్లో ఒత్తిడి పెంచుతుంది. ఊరుకుంటే చూపే పోతుంది. వెంటనే వచ్చావు కాబట్టి భయం లేదు. కంటి డాక్టరుకు చీటీ రాస్తాను, ఇటు నుంచి ఇటే పో. ముందు ఇలా కూర్చో."

టార్చి వెలిగించి సారంగపాణి రెప్ప ఎత్తాడు. ఒక కన్ను చూశాడు. రెండోదీ చూశాడు. ఎర్రదనం లేదు. కంటిపాప వెలుగుకు చక్కగా ముడుచుకుంటోంది. డాక్టరు నొసలు ముడిపడింది.

"నీ కళ్లు నిక్షేపంలా ఉన్నాయి కదయ్యా!"

సారంగపాణి తల దించుకుని వరండాలోకి పోయి, కొంగుతో మొహం కప్పుకున్న భార్య మొగిలమ్మను చేయిపట్టి లోపలికి తీసుకొచ్చాడు: "మూడు వారాలసంది గోలీలు మింగుతాంది ఈమె సారూ, ఈ కండ్లు చూడున్రి."